రాయ్‌పూర్ బడిలో ఇంగ్లీషు మాట

గిడుగు వెంకట రామమూర్తి స్మారకోపన్యాస పాఠం

గిడుగు పేరు మీద ఏర్పాటైన ఉపన్యాసంలో ఇంగ్లీషు మాటల ప్రస్తావన ఏమిటని కొందరు పెద్దలు ముక్కున వేలేసుకోవచ్చు. వాడుక తెలుగు కోసం గ్రాంథికవాదులతో ఏళ్ల తరబడి తలపడ్డ మనిషి ఆయన. ఆయన పుట్టిన ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నారు. అయితే ఆ పోరు మొదలుకావడానికి చాలా ముందే గిడుగు ఇంకొక పనిలోకి దిగారు. పర్లాకిమిడి రాజావారి బడిలో పాఠాలు చెప్పుకుంటూనే, తనకు బొత్తిగా తెలియని సవర భాషను ఒక్కొక్క మాటగా కూడబెట్టుకున్నారు. తెలుగూ సవరా రెండూ వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నారు. కొండల్లోని సవర పల్లెలకు వెళ్లి విన్నారు. ఆ అడవుల్లో పట్టుకున్న జ్వరానికి మింగిన క్వినైన్ ఆయన చెవులను దెబ్బతీసింది. పని మాత్రం ఆగలేదు. 1931లో సవర భాష మీద ఆయన మాన్యువల్, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు అచ్చయ్యాయి. నిఘంటువు వచ్చేనాటికి ఆయనకు డెబ్బై అయిదేళ్లు.

పరాయి భాషలో మాటలు ఎలా కుదురుకుంటాయో స్వయంగా అనుభవించి చూసిన బడిపంతులు ఆయన. ఛత్తీస్‌గఢ్‌లో పెరుగుతున్న తెలుగు పిల్లల ఇంగ్లీషు పదసంపద గురించి మాట్లాడుకోవడానికి ఇంతకంటే తగిన స్మారకసభ దొరకదు.

గిడుగు తిరిగిన ఊళ్లకూ రాయ్‌పూర్‌కూ చుట్టరికం కలిపింది రైలు. విజయనగరం నుంచి పార్వతీపురం దాకా 1908-09లో పడ్డ బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే లైను 1931లో రాయ్‌పూర్‌తో కలిసింది. సవర మాన్యువల్ అచ్చయిన సంవత్సరం కూడా అదే కావడం ఒక ముచ్చట. ఆ దారిన ఉత్తరాంధ్ర కుటుంబాలు రైల్వే పనులకు వచ్చాయి. 1959 ఫిబ్రవరిలో మొదటి బ్లాస్ట్ ఫర్నేసు మొదలైన భిలాయి ఉక్కు కర్మాగారం ఇంకొంతమందిని రప్పించింది. వాళ్ల మనవలు, మునిమనవలు ఇవాళ రాయ్‌పూర్ బళ్లలో ఉన్నారు. ఇంట్లో శ్రీకాకుళం యాస తెలుగు, వీధిలో ఛత్తీస్‌గఢీ, బజారులో హిందీ, బడిలో ఇంగ్లీషు.

నాలుగు భాషల మధ్య పెరిగే పిల్లను 'ఇంగ్లీషు రాని పిల్ల' అని ఒక్క మాటతో తేల్చేయడం అన్యాయం. రాయ్‌పూర్‌లో రైల్వేవాళ్లుండే డబ్ల్యూ.ఆర్.ఎస్. కాలనీలో ఆరో తరగతి చదివే ఏ పిల్లనైనా కూర్చోబెట్టి, ఇంట్లో రోజూ వినిపించే ఇంగ్లీషు మాటలు రాయమంటే కాగితం రెండు వైపులా నిండుతుంది. స్విచ్చి, బల్బు, గ్యాసు, టికెట్టు, డ్యూటీ, షిఫ్టు, ఓవర్‌టైము, రీచార్జి, బ్యాలెన్సు. రైల్వే ఇళ్లలో సిగ్నలు, వ్యాగను, క్వార్టరు అదనం. వాటిలో కొన్ని ఇల్లు మారగానే అర్థం మార్చుకున్న సంగతి నిజమే. రాయ్‌పూర్‌లో కాపీ అంటే నోటుపుస్తకం. సెలవులకు వచ్చిన అమ్మమ్మకు అదే మాట పరీక్షలో పక్కవాడిది చూసి రాయడం. అయినా ఉచ్చారణ నోటికి వచ్చింది, సగం అర్థం చేతిలో ఉంది. పదసంపద పాఠం మొదలుపెట్టాల్సింది ఈ కాగితం నుంచి. చాలా తరగతుల్లో అది మొదలయ్యేది సున్నా నుంచి. పిల్లకు ఉన్నదేమిటో అడిగేవాళ్లు లేరు.

రాయ్‌పూర్‌లో ఇంగ్లీషు చదువు చరిత్ర చిత్రమైనది. 1877లో తండ్రి విశ్వనాథ దత్తా పని మీద కుటుంబం ఈ ఊరు వచ్చినప్పుడు, పద్నాలుగేళ్ల నరేంద్రనాథుడికి, అంటే తర్వాతి వివేకానందుడికి, తగిన బడి ఇక్కడ లేదు. ఆ కాలంలో కుర్రవాడి చదువంతా తండ్రితో, ఇంటికి వచ్చిపోయే పెద్దలతో జరిగిన చర్చల్లోనే సాగిందని జీవితచరిత్రకారులు రాశారు. 1882లో జబల్‌పూర్‌లో పుట్టిన రాజ్‌కుమార్ కాలేజీ 1894లో రాయ్‌పూర్‌కు మారింది, కానీ అది సంస్థానాధీశుల బిడ్డలకు. రాష్ట్ర ప్రభుత్వమే తన బళ్లలో పెద్ద ఎత్తున ఇంగ్లీషు మాధ్యమం పెట్టడానికి 2020 దాకా పట్టింది. ఆ ఏడు స్వామి ఆత్మానంద పేరు మీద తొలి విడతలో 52 బళ్లు మొదలయ్యాయి. ఆమాపారాలోని ఆర్.డి. తివారీ బడి వాటిలో ఒకటి. ఆత్మానంద (1929–1989) రాయ్‌పూర్ జిల్లాలో పుట్టి ఇక్కడ వివేకానంద ఆశ్రమాన్ని నిలబెట్టిన సన్యాసి. నారాయణ్‌పూర్‌లో అబూజ్‌మాడ్ గిరిజనుల కోసం కూడా ఆశ్రమం నెలకొల్పారు.

తెలుగు రాష్ట్రాల కథ ఇక్కడివాళ్లకూ తెలిసిందే. 2019 నవంబరులో ప్రభుత్వ బళ్లలో ఇంగ్లీషు మాధ్యమం పెట్టాలంటూ ఆంధ్రప్రదేశ్ ఉత్తర్వు, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టివేయడం, 2022-23 నుంచి తెలంగాణ ప్రభుత్వ బళ్లలో ఇంగ్లీషు మాధ్యమం. ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషుగా పాఠ్యపుస్తకాలు కూడా వచ్చాయి. బోర్డు మీద మాధ్యమం పేరు మార్చడానికి ఒక ఉత్తర్వు చాలు. పిల్లల నోట మాటలు ఉత్తర్వుతో రావు. పిల్లల చదువు స్థాయిని కొలిచే అసర్ సర్వే 2022లో చెప్పిన ప్రకారం గ్రామీణ భారతంలో అయిదో తరగతి పిల్లల్లో ఇంగ్లీషులో చిన్న వాక్యాలు చదవగలిగినవాళ్లు 24.5 శాతం. 2016లో అది 24.7. ఆరేళ్లలో ముల్లు కదలలేదు. ఎనిమిదో తరగతికి వచ్చినా సగం మంది ఆ వాక్యాల దగ్గరే ఆగిపోతున్నారు. ఈ సర్వే పల్లెలదే, రాయ్‌పూర్ నగరం ఇందులో లేదు. అంతమాత్రాన నగరంలోని టీచర్లు గుండె మీద చెయ్యి వేసుకుని తమ తరగతి వేరని చెప్పగలరా అన్నది వాళ్లకే వదిలేయాలి.

ఇంతకీ ఒక పిల్లకు ఎన్ని మాటలు కావాలి?

ఈ ప్రశ్నకు గట్టి జవాబు వెతికినవాడు మైకేల్ వెస్ట్. 1912లో ఇండియన్ ఎడ్యుకేషనల్ సర్వీసులో చేరి ఢాకాలో టీచర్ల ట్రైనింగ్ కాలేజీ నడిపిన ఇంగ్లీషువాడు. బెంగాలీ పిల్లలు ఏళ్ల తరబడి ఇంగ్లీషు చదివి, మధ్యలో బడి మానేసి, ఒక పుటైనా సొంతంగా చదవలేని స్థితిలో ఇంటికి పోవడం చూశాడు. 1926లో వచ్చిన పుస్తకంలో బీమావాళ్ల దగ్గర ఒక మాట అరువు తెచ్చుకున్నాడు: సరెండర్ వాల్యూ. పాలసీ మధ్యలో ఆపేస్తే చేతికి ఎంత వస్తుందో, చదువు మధ్యలో ఆపేసిన పిల్లవాడికి అంత మిగలాలన్నాడు. ఎల్‌ఐసీ పాలసీ ఉన్న తల్లిదండ్రులందరికీ వెంటనే అర్థమయ్యే లెక్క ఇది. అప్పటి వాచకాల్లో ప్రతి పేజీలోనూ కొత్త మాటలు గుట్టగా పడి ఉండేవి, పైగా వాటిలో చాలావరకు మళ్లీ కనిపించనివి. వెస్ట్ తన వాచకాల్లో అరుదైన మాట తీసి వాడుక మాట పెట్టాడు. కొత్త మాటకూ కొత్త మాటకూ మధ్య దూరం పెంచాడు, వచ్చిన మాటను మళ్లీ మళ్లీ రప్పించాడు. గిడుగు పోరాటం కూడా ఇలాంటి ప్రశ్నతోనే మొదలైంది. బడుల ఇన్‌స్పెక్టరు జె.ఎ. యేట్స్, తెలుగు పిల్లలు మాట్లాడే భాష ఒకటి, పుస్తకంలో భాష ఇంకొకటి ఎందుకని అడిగాడు. ఢాకాలో ఒకరు, పర్లాకిమిడిలో ఒకరు పాఠ్యపుస్తకాన్నే నిలదీశారు. తప్పు పిల్లల్లో వెతకలేదు.

వెస్ట్ జీవితకాల కృషి 1953లో సుమారు రెండువేల మాటల జాబితాగా వచ్చింది. మామూలు ఇంగ్లీషు రచనలో నూటికి ఎనభై దాకా ఆ మాటలే తిరుగుతుంటాయి. 2000లో న్యూజిలాండ్‌కు చెందిన ఆవ్రిల్ కాక్స్‌హెడ్ చదువుల పుస్తకాల్లో తరచూ వచ్చే 570 పదకుటుంబాలను, అంటే ఒకే మూలం నుంచి వచ్చిన మాటల గుంపులను, దానికి జోడించింది. ఇక సొంతంగా నవలో పత్రికో హాయిగా చదవాలంటే ఎనిమిది, తొమ్మిది వేల పదకుటుంబాలు కావాలని పదసంపద పరిశోధకుడు పాల్ నేషన్ 2006లో లెక్కకట్టాడు. ఆయన ప్రమాణం ఇది: నూటికి తొంభై ఎనిమిది మాటలు తెలిసి ఉంటేనే మిగతా రెండింటి అర్థం సందర్భం నుంచి ఊహించగలం. అంటే యాభై మాటలకు ఒక్కటే కొత్త మాట ఉండాలి. రాయ్‌పూర్ పిల్ల చేతిలో పెట్టిన ఎనిమిదో తరగతి సైన్సు పుస్తకం ఆ ప్రమాణానికి ఎంత దూరంలో ఉంటుందో ఏ టీచరుకైనా పెన్సిల్‌తో గీస్తే పది నిమిషాల్లో తెలుస్తుంది.

ఇక్కడే ట్యూషన్ మాస్టార్లకు ఇష్టమైన పరిష్కారం ముందుకు వస్తుంది. రోజుకు పది మాటలు బట్టీ. విద్యాహక్కు చట్టం ప్రకారం ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా ఏడాదికి 220 పనిదినాలు. 220ని పదితో హెచ్చవేస్తే 2,200. అంటే వెస్ట్ జాబితా మొత్తం ఒక్క ఏడాదిలో పూర్తి, పైన మిగులు కూడా! కాగితం మీద ఇంత చక్కగా కుదిరే లెక్క తరగతిలో ఎక్కడా ఎందుకు కుదరలేదు?

మొదటి కారణం 1885 నుంచీ తెలుసు. జర్మనీలో హెర్మన్ ఎబింగ్‌హౌస్ అర్థంలేని అక్షరాల జాబితాలు తానే బట్టీపట్టి, ఎప్పుడు ఎంత మరిచిపోతున్నాడో గడియారం పెట్టి కొలిచాడు. ఎక్కువ భాగం మరుపు మొదటి కొన్ని గంటల్లోనే జరిగిపోతుంది. తిరిగి చూసే సమయాలను ఎడం ఎడంగా పెట్టుకుంటే మరుపు మందగిస్తుంది. రోజుకు పది మాటల పద్ధతిలో మంగళవారం మాటలు బుధవారం రావు, బుధవారానికి వేరే పది సిద్ధం. రెండో కారణం ఎక్కువమందికి తెలియదు. పళ్ల పేర్లన్నీ ఒక రోజు, రంగులన్నీ ఒక రోజు, కుడి ఎడమలు కలిపి ఒకేసారి నేర్పడం సహజంగా తోస్తుంది. థామస్ టింకమ్ 1993లో పరీక్షించి చూస్తే తేలింది వేరు: ఒకే జాతి మాటలు గుంపుగా నేర్పితే కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఒకదానితో ఒకటి కలగాపులగమై ఆలస్యంగా వస్తాయి. లెఫ్టు, రైటు ఎప్పటికీ తేలని పెద్దవాళ్లు ప్రతి ఇంట్లో ఒకరుంటారు. తప్పు వాళ్లది కాకపోవచ్చు.

అమరకోశం బట్టీ పట్టలేదా మన పెద్దలు, అది గుంపులు గుంపులుగా ఉన్న పర్యాయపదాలే కదా అనే ప్రశ్న ఈ సభలో రాకపోతేనే ఆశ్చర్యం. పట్టారు. కానీ అది ఛందస్సులో ఉంది, నాలుక మీద తిరుగుతుంది. అమరం వల్లించిన పిల్లవాడు ఆ వెంటనే రఘువంశం విప్పేవాడు, వల్లించిన మాటలు శ్లోకం శ్లోకంలో ఎదురయ్యేవి. ఇవాళ్టి పది మాటల జాబితా వెనక అలాంటి కావ్యం ఏదీ లేదు. ఉన్నది శనివారం స్లిప్ టెస్టు.

బట్టీని పూర్తిగా తిట్టిపోయనక్కర్లేదు. చిన్న చీటీల మీద ఒక వైపు మాట, వెనక అర్థం, ఒక వాక్యం రాసుకుని, వచ్చినవాటిని దూరపు పెట్టెలోకి, రానివాటిని దగ్గరి పెట్టెలోకి వేసుకునే పద్ధతిని 1970లలో సెబాస్టియన్ లైట్నర్ ప్రచారంలోకి తెచ్చాడు. ఖర్చు అట్టముక్కలంత. మొదటి రెండువేల మాటలకు ఇది బాగా పనిచేస్తుంది. అయితే చీటీ మీద మాట గుర్తుపట్టడం ఒక మెట్టు మాత్రమే. స్టూవర్ట్ వెబ్ 2007లో జపాన్ విద్యార్థులతో చేసిన ప్రయోగంలో ఒక మాట పదిసార్లు ఎదురైనా దాని వాడుక, పొందిక పూర్తిగా పట్టుబడలేదు.

పిల్లల్ని ఎక్కువగా ఇబ్బంది పెట్టే మాటలు ఏవన్న విషయంలో తల్లిదండ్రులకు ఒక భ్రమ ఉంది. పొడుగాటి మాటలంటే భయం. నిజానికి ఫోటోసింథసిస్ పిల్లల్ని ఏడిపించదు. దానికి ఒకటే అర్థం, టీచరు బొమ్మ గీసి చెబుతుంది, పరీక్షకు తప్పకుండా వస్తుంది. దెబ్బతీసేవి తెలిసినట్టే కనిపించే పొట్టి మాటలు. తొమ్మిదో తరగతి ఫిజిక్సులో వర్క్ అంటే తండ్రి వర్క్‌షాపులో చేసే పని కాదు. రాయ్‌పూర్ స్టేషన్ ప్లాట్‌ఫారం మీద నెత్తిన పెట్టె పెట్టుకుని కదలకుండా నిలబడ్డ కూలీ ఆ పాఠం ప్రకారం ఏ పనీ చేయనట్టు! రూట్ మొక్కకూ ఉంటుంది, అంకెకూ ఉంటుంది. టేబుల్ చెక్కతో చేసేదీ అదే, లెక్కల్లో ఎక్కాలూ అదే, సాంఘికశాస్త్రంలో పట్టికా అదే. పవర్, ఫోర్స్, మాస్ – వీటిని ఎవరూ విడమరచి చెప్పరు, అందరికీ తెలుసనుకుంటారు కనుక.

ఇంకో గుంపు పరీక్ష పేపర్లో ఉంటుంది. జస్టిఫై, ఇలస్ట్రేట్, ఇన్ఫర్, వేరాజ్, హెన్స్. ఇవన్నీ కాక్స్‌హెడ్ జాబితాలోవే. అన్‌లెస్, ఆల్దో లాంటివి ఇంకా ప్రాథమికం, వెస్ట్ జాబితాలోవి. జవాబు తెలిసిన పిల్ల ప్రశ్న అర్థంకాక మార్కులు పోగొట్టుకోవడం ఈ దేశంలో ఏటా జరిగే నష్టం. సైన్సు టీచరు, లెక్కల టీచరు 'మాటలు నేర్పడం ఇంగ్లీషు మాస్టారి పని' అని చేతులు దులుపుకుంటే ఈ మాటలు ఎవరి పీరియడ్‌లోనూ రావు. ఇంగ్లీషు మాస్టారి పుస్తకంలో కథలు, పద్యాలు ఉంటాయి గానీ 'వేరాజ్' మీద పాఠం ఉండదు. వారానికి అయిదు మాటలు ప్రతి సబ్జెక్టు టీచరూ తన పాఠం లోంచి ఎంచి, హిందీలో అర్థం చెప్పి, ఆ వారమంతా కావాలని వాడితే చాలు. ఏ పుస్తకమూ కొననక్కర్లేదు.

హిందీలో అర్థం చెప్పడమా అని కొందరు కనుబొమ్మలు ఎగరేస్తారు. ఇంగ్లీషు తప్ప ఇంకేం మాట్లాడినా జరిమానా వేసే ప్రైవేటు బళ్లు దేశమంతా ఉన్నాయి, ఈ ఊరు వాటికి మినహాయింపు అనుకోనక్కర్లేదు. ఆ జరిమానా వల్ల పిల్లలకు ఇంగ్లీషు రాదు, నోరు మూతపడుతుంది. 'హెన్స్' అంటే 'ఇసలియే' అని చెబితే రెండు క్షణాలు. దాన్నే ఇంగ్లీషులో వివరించబోతే అయిదు నిమిషాలు గడిచి, చివరికి పిల్లలు పక్కవాళ్లను గుసగుసగా హిందీలోనే అడిగి తెలుసుకుంటారు. గిడుగు సవర నేర్చుకున్నది తెలుగు మీద నిలబడి. ఆయన నిఘంటువులో ప్రతి సవర మాట పక్కనా తెలిసిన భాషలో అర్థం ఉంటుంది. అంతటి పండితుడికి అవసరమైన ఊతను పదేళ్ల పిల్లకు ఎందుకు నిరాకరించాలి? తెలుగు ఇంటి పిల్లకు అర్థం తెలుగులో చెబితే మంచిది. రాయ్‌పూర్ టీచరుకు తెలుగు రాదు కాబట్టి హిందీ చాలు. ఆరో తరగతికి వచ్చేసరికి ఆ పిల్లకు హిందీ సొంత భాష అయిపోయి ఉంటుంది. ఈ విషయంలో పట్టుదలలకు పోవడం పెద్దల సరదా తప్ప పిల్లల అవసరం కాదు.

ఇక అసలు సంగతి. మాట మళ్లీ మళ్లీ ఎదురుపడాలంటే పిల్ల చదవాలి. పాఠం చదవడం వేరు, కథ చదవడం వేరు. ఈ తేడా ఎంత పనిచేస్తుందో చూపిన ప్రయోగం తెలుగువాళ్లకు కొంత దగ్గరి దేశంలో జరిగింది. 1903 నుంచి మద్రాసు ఓడల్లో తెలుగువాళ్లు చెరుకుతోటల కూలికి వెళ్లిన ఫిజీ అది. అక్కడ 1980 ప్రాంతంలో వార్విక్ ఎలీ, ఫ్రాన్సిస్ మంగూభాయ్ అనే పరిశోధకులు పల్లె బళ్లను ఎంచుకున్నారు. ఎనిమిది బళ్లలో నాలుగు, అయిదు తరగతులకు 250 ఇంగ్లీషు కథల పుస్తకాలు ఇచ్చారు. బొమ్మలు నిండుగా, భాష తేలికగా, పిల్లలు లాక్కుని చదివేవి. కొన్ని తరగతుల్లో పిల్లలు తమంత తాము మౌనంగా చదువుకున్నారు. కొన్నింట్లో టీచరు పెద్ద పుస్తకం పట్టుకుని పిల్లలతో కలిసి చదివి మాట్లాడించింది. ఇంకో నాలుగు బళ్లలో మామూలు వ్యాకరణం, వాక్యాల డ్రిల్లు కొనసాగించారు. 1983లో అచ్చయిన ఫలితం ప్రకారం పుస్తకాలు అందిన పిల్లలు చదవడంలో మామూలు వేగానికి రెండింతలు ముందుకు వెళ్లారు. వ్యాకరణం ప్రత్యేకంగా నేర్పకపోయినా ఇరవై నెలలు తిరిగేసరికి రాతలో, వ్యాకరణంలో కూడా పైచేయి వాళ్లదే అయింది.

ఈ పద్ధతి రాయ్‌పూర్‌కు తేవడానికి పరాయి పుస్తకాలు అక్కర్లేదు. నేషనల్ బుక్ ట్రస్టు, కార్టూనిస్టు శంకర్ మొదలుపెట్టిన చిల్డ్రన్స్ బుక్ ట్రస్టు రెండూ 1957లోనే పుట్టాయి. చెన్నైలోని తూలిక ఇంగ్లీషు–తెలుగు, ఇంగ్లీషు–హిందీ జంట భాషల బొమ్మల పుస్తకాలు వేస్తుంది. ప్రథమ్ బుక్స్ 2015లో తెరిచిన స్టోరీవీవర్‌లో ఒకే కథ ఇంగ్లీషు, హిందీ, తెలుగు భాషల్లో, నాలుగు స్థాయిల్లో ఉచితంగా దొరుకుతుంది. తెలుగు లిపి రాని మనవరాలు ఇంగ్లీషులో చదువుతుంటే, ఇంగ్లీషు రాని అమ్మమ్మ అదే కథ తెలుగులో చదవొచ్చు. ఈ ఏర్పాటులో పిల్లకు ఇంగ్లీషు మాటతో పాటు తెలుగు మాటా చెవిన పడుతుంది, అది అదనపు లాభం. 1980లో అనంత్ పై మొదలుపెట్టిన టింకిల్ పత్రికను పిల్లలు దాచిపెట్టుకుని చదువుతారు. పదసంపద శాస్త్రం ప్రకారం దాచిపెట్టుకుని చదివే పుస్తకమే మంచి పుస్తకం. పేజీకి అయిదారు మాటలు అడ్డుపడితే ఆ పుస్తకం అప్పటికి పక్కన పెట్టి తేలికైనది ఇవ్వాలి. పిల్లల చదువులో తేలికైన పుస్తకం ఇవ్వడం సిగ్గుపడే విషయమని ఎవరు నేర్పారో గానీ, చాలా చెరుపు చేశారు.

ఇంగ్లీషు పదసంపద అనగానే తెలుగు ఇళ్లలో ఈమధ్య ఇంకో పేరు వినిపిస్తోంది: స్పెల్లింగ్ బీ. అమెరికాలో స్క్రిప్స్ పోటీ గెలిచిన తెలుగు పిల్లల వరుస పొడుగైనదే. 2012లో స్నిగ్ధ నందిపాటి, 2013లో అరవింద్ మహంకాళి, 2018లో కార్తీక్ నెమ్మాని, 2024లో బృహత్ సోమ. బృహత్ టైబ్రేకరులో తొంభై సెకన్లలో ముప్ఫై మాటలు ఎత్తుకుని ఇరవై తొమ్మిది సరిగ్గా చెప్పాడు. ఇలాంటి విజయాల వెనక రత్నం చిట్టూరి 1989లో స్థాపించిన నార్త్ సౌత్ ఫౌండేషన్ పోటీల శిక్షణ ఉంది. ఆ సంస్థ మొదటి ఆశయం భారత్‌లోని పేద విద్యార్థులకు స్కాలర్‌షిప్పులు ఇవ్వడమని గుర్తుచేసుకోవాలి. ఆ పిల్లల కష్టాన్ని తక్కువ చేయలేం. కానీ వాళ్లు ఇంగ్లీషులోనే ఊపిరి పీల్చే దేశంలో, వేల మాటలు అప్పటికే తెలిసి, ఆ పైన అరుదైనవాటి వెంట పడ్డారు. అరవింద్ చివరి మాట నైడెల్, యూదుల వంటింట్లో ఒక ఉండ పేరు. రాయ్‌పూర్ ఆరో తరగతికి అది అక్కర్లేదు. స్క్రిప్స్ వాళ్లే 2013లో రాతపరీక్షలో అర్థాల ప్రశ్నలు చేర్చారు, 2021 నుంచి వేదిక మీదా అర్థం అడుగుతున్నారు. అక్షరక్రమం ఒక్కటే చాలదని ఆ పోటీ నడిపేవాళ్లకే తోచినప్పుడు, ఇక్కడి బళ్లు జిల్లా స్థాయి స్పెల్లింగ్ పోటీల ఫీజులు వసూలు చేయడం మానుకుంటే మంచిది.

నార్మన్ లూయిస్ 'వర్డ్ పవర్ మేడ్ ఈజీ' సంగతి కూడా అంతే. 1949 నాటి ఆ పుస్తకం నేటికీ మన ఫుట్‌పాత్‌ల మీద అమ్ముడవుతోంది. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్న పెద్దవాళ్ల కోసం లాటిన్, గ్రీకు ధాతువుల మీద కట్టిన పుస్తకం అది. డిగ్రీ పిల్లలకు బాగుంటుంది, బడిపిల్లలకు తొందరపాటు. దానిలోని ఉపాయం మాత్రం తొమ్మిది, పది తరగతుల్లో వాడుకోవచ్చు. ఎందుకంటే ఛత్తీస్‌గఢ్ పిల్లలు హిందీ వ్యాకరణంలో ఉపసర్గలు చదివే ఉంటారు. ఆహారం, విహారం, సంహారం, ప్రహారం, పరిహారం – ఒకే హారానికి ముందు ముక్క మారితే అర్థం ఎంత మారుతుందో తెలుగు ఇంటి పిల్లకూ హిందీ ఇంటి పిల్లకూ ఇట్టే తెలుస్తుంది. ఇంగ్లీషులో ప్రీ, రీ, అన్, ఇంటర్ చేసే పని కూడా అదే అని చూపిస్తే ఆ పాఠం అరగంటలో అయిపోతుంది.

నిఘంటువు విషయం క్లుప్తంగా. అర్థం చెప్పడానికి అసలు మాట కంటే కష్టమైన మాటలు వాడే నిఘంటువు పిల్లకు పనికిరాదు. వెస్ట్ 1935లో వేసిన నిఘంటువులో అర్థాలన్నీ 1,490 మాటల్లోనే చెప్పాడు. ఏ.ఎస్. హార్న్‌బీ విద్యార్థుల నిఘంటువు 1942లో టోక్యోలో అచ్చయి, తర్వాత ఆక్స్‌ఫర్డ్ పేరుతో ప్రపంచమంతా తిరిగింది. బడి లైబ్రరీలో ఇలాంటిది తరగతికి అయిదారు ప్రతులు ఉండాలి, అవి బీరువాలో తాళం వెనక ఉండకూడదు.

రాయ్‌పూర్‌లో చదువరులకు చోటు ఇవ్వడం కొత్త కాదు. 2018లో తెరిచిన నలందా పరిసర్ గ్రంథాలయం రాత్రీ పగలూ నడుస్తోంది, ఉద్యోగ పరీక్షలకు చదివే యువత అక్కడ కిక్కిరిసి ఉంటుంది. ఆ యువకుల్లో చాలామంది ఇప్పుడు కుస్తీ పడుతున్న మాటలు పదేళ్ల వయసులో కథల్లో ఎదురుపడి ఉండాల్సినవి. పెద్దయ్యాక కోచింగుకు కట్టే ఫీజులో ఒక చిన్న ముక్క చాలు, నాలుగో తరగతి గదిలో ఒక అర నిండా పుస్తకాలు పెట్టడానికి.

అందుకే రాయ్‌పూర్, భిలాయి తెలుగు సంఘాలకు ఈ ఉపన్యాసం చేసే విజ్ఞప్తి ఒక్కటే. ఉగాదికి, దసరాకు వేదికల మీద ఖర్చుపెట్టే దానిలో కొంత తీసి, జూన్‌లో బళ్లు తెరిచేలోగా తమ పేటలోని ఒక్క ప్రభుత్వ బడిని ఎంచుకుని 250 కథల పుస్తకాలు ఇవ్వండి. ఇంగ్లీషువి, జంట భాషలవి కలిపి ఇవ్వండి, స్టోరీవీవర్ కథలు అచ్చువేయించి అట్టలు కుట్టినా సరే. పుస్తకాలు పిల్లల ఇళ్లకు వెళ్లనిచ్చేలా హెడ్‌మాస్టరును ఒప్పించండి. చిరిగితే లెక్క అడగకండి, చిరిగినవి చదివినవని అర్థం. వారానికి రెండు పీరియడ్లు ఏ పరీక్షా లేని చదువుకు కేటాయించమని కోరండి. రిటైరైన రైల్వే, స్టీల్‌ప్లాంట్ ఉద్యోగులు ఆ పీరియడ్లలో పిల్లల పక్కన కూర్చుని చదివించడానికి ముందుకు రావాలి. ఏ బడిని ఎంచుకున్నారో, పుస్తకాల కొనుగోలు బాధ్యత ఎవరిదో సంఘాలు ఈ ఏప్రిల్ నెలాఖరుకల్లా తేల్చుకుంటే జూన్ నాటికి అర నిండుతుంది.